మెల్లకన్ను చిత్రకారుడు గ్వెర్చీనో

ఇటలీ దేశంలో బొలోన్యా, ఫెర్రారా నగరాల నడుమ చెంతో అనే చిన్న పట్టణం కలదు. 1591లో అక్కడ ఒక సామాన్య కుటుంబంలో జొవాన్నీ ఫ్రాంచెస్కో బార్బియేరి జన్మించినాడు. పసితనం నుంచీ అతనికి మెల్లకన్ను. జనులు ఆ లోపాన్నే పేరుగా చేసి గ్వెర్చీనో, అనగా మెల్లకన్నువాడు, అని పిలిచినారు. లోకం అతనిని ఆ పేరుతోనే ఎరుగును.

అతడు గురువుల వద్ద నేర్చినది తక్కువ. తన ఊరి చర్చిలో లుదొవీకో కరాచ్చీ చిత్రించిన పటమే అతనికి పెద్ద బడి. 1616 నాటికి, మనుష్యదేహాన్ని ఎదుట నిలుపుకొని గీయడం నేర్పే చిత్రశాలను తానే చెంతోలో తెరచినాడు. 1621లో పోపు అయిన పదిహేనవ గ్రెగరీ అతనిని రోముకు రప్పించుకొన్నాడు. పోపు 1623లో మరణించగా గ్వెర్చీనో మహానగరాన్ని విడిచి స్వగ్రామానికే మరలినాడు.

1636 ప్రాంతాన సియెనా నగరపు సాన్ మార్తీనో చర్చికి అతడు పునీత బర్తొలొమయి హతసాక్షి మరణాన్ని చిత్రించినాడు. క్రీస్తు శిష్యుడైన ఈ బర్తొలొమయి భరతఖండానికి వచ్చి బోధించినాడని ఒక ఐతిహ్యం. సజీవంగా చర్మం ఒలిచి చంపినారని మరొకటి. ఇట్టి ఘట్టాన్ని గీయుటలో నెత్తురు చూపడం సులభం. బాధపడువాని ముఖానికీ, బాధపెట్టువాని చేతికీ మధ్యగల దూరాన్ని నిర్ణయించడమే కష్టం. దానికోసమే గ్వెర్చీనో ముందుగా ఈకకలంతో చిత్తుబొమ్మలు గీసేవాడు. ఒకే ఘట్టాన్ని కాగితం తరువాత కాగితం మార్చి చూచేవాడు. గీతలు వడిగా పరుగెత్తును. వాటిపై నీళ్ల సిరా కుంచెతో పూయగానే నీడలు లేచును.

ఆ సిరా మనకు పరాయిది కాదు. మాచికాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్లబడును. మన పూర్వులు కరక్కాయతో కాచుకొన్న సిరా దీనికి తోబుట్టువే. హబ్సిగూడ, తార్నాకల నడుమనున్న రసాయన సంస్థ ముందునుంచి రోజూ బడికి పోయే పిల్లలకు ఉపాధ్యాయులు దీనిని చేసి చూపవచ్చును. కాలం గడచినకొద్దీ ఆ నలుపు గోధుమరంగుకు తిరుగును. అందలి ఆమ్లం కాగితాన్ని తినివేయును. గ్వెర్చీనో దట్టంగా నీడలు పూసిన కొన్ని కాగితాలు ఆ చోటులనే చిల్లులు పడినవి.

పటాలకు మాత్రం అతడు ఖచ్చితమైన ధర పెట్టినాడు. నిండు విగ్రహానికి ఇంత, సగానికి ఇంత, తలకు ఇంత. వినడానికి కూరగాయల బేరంవలె ఉన్నది! 1629 నుంచి ఆ లెక్కల పుస్తకం నడచినది. చిత్తుబొమ్మలు ఆ లెక్కలోనికి రాలేదు. వాటిని అమ్మక, తన ఇంటనే దాచుకొన్నాడు.

1642లో గ్విదో రేనీ మరణించిన పిమ్మట గ్వెర్చీనో బొలోన్యాకు తరలి, అక్కడి చిత్రకారులలో అగ్రస్థానం పొందినాడు. అప్పటి పటాలలో రంగులు మెత్తబడినవి, ఉద్రేకం అణిగినది. కొనువారి అభిరుచి అట్టిది. సిరాబొమ్మలలో మాత్రం చెంతో నాటి చురుకుదనం చివరివరకు తగ్గలేదనే నా అభిప్రాయం.

అతడు వివాహమాడలేదు. 1666లో మరణించగా చిత్తుబొమ్మల కట్టలు మేనల్లుళ్లైన జెన్నారీ సోదరులకు దక్కినవి. పద్దెనిమిదవ శతాబ్దంలో వాటిలో అనేకం ఇంగ్లండు రాజు మూడవ జార్జి కొనుగోలు చేసినాడు. ఆ విధంగా వందలకొలది కాగితాలు విండ్సర్ కోటకు చేరినవి.