పురుగుల్ని గరాటులోకి రప్పించిన బెర్లేసే

జువాలజీ ప్రాక్టికల్స్‌లో గుప్పెడు ఎండుటాకులు ముందర పోసి, ఇందులోని పురుగులన్నీ ఏరి లెక్క చెప్పమంటే మనం ఏం చేస్తాం? భూతద్దం, పటకారు పట్టుకుని కూర్చుంటాం. సాయంత్రానికి కళ్ళు లాగుతాయి గాని లెక్క తేలదు. సగం జీవులు చూపుకే ఆనవు. ఈ చిక్కు విప్పిన మహనీయుడు ఇటలీ దేశస్థుడు ఆంటోనియో బెర్లేసే.

ఆయన 1863లో పాడువా నగరంలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదువుకున్నాడు. తమ్ముడు అగస్టో శిలీంధ్రాల శాస్త్రజ్ఞుడైతే, అన్నగారికి నల్లుల పిచ్చి పట్టింది. అంటే మన మంచం నల్లులు కావు. ఆకుల మీద, నాచులో, మట్టిలో బ్రతికే ఎనిమిది కాళ్ళ సూక్ష్మజీవాలు. పోర్టిచి వ్యవసాయ పాఠశాలలో కొన్నేళ్ళు బోధించి, 1903లో ఫ్లోరెన్స్‌లోని వ్యవసాయ కీటకశాస్త్ర కేంద్రానికి అధిపతి అయ్యాడు. ఆ ఏడే 'రేదియా' అనే శాస్త్ర పత్రికను ప్రారంభించాడు.

1905లో ఆయన ప్రకటించిన పరికరం చూస్తే, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. ఒక లోహపు గరాటు, దాని చుట్టూ వేడినీళ్ళు, లోపల జల్లెడ, అడుగున స్పిరిట్ సీసా. అంతే! జల్లెడ మీద ఆకులో, నాచో వేస్తే వేడికి అవి మెల్లగా ఆరతాయి. తడి వెతుక్కుంటూ పురుగులు వాటంతటవే కిందికి దిగి సీసాలో పడతాయి. తొందరపడి వేడి పెంచామా, మెత్తని జీవులు దిగేలోపే ఎండి చస్తాయి. 1918లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు టుల్‌గ్రెన్ వేడినీళ్ళకు బదులు పైన విద్యుద్దీపం అమర్చాడు.

అయితే నడవగల పురుగులే గరాటులో దిగుతాయి. కొమ్మకు అంటుకుని కదలని పొలుసు పురుగు మాటేమిటి? ఆ రోజుల్లో ఇటలీ మల్బరీ చెట్లను పీల్చి ఎండబెట్టింది అదే. మల్బరీ పోతే పట్టుపురుగుకు మేత లేదు, పట్టు మీద బ్రతికే రైతు కుటుంబాలకు కూడు లేదు. విషం చల్లుదామంటే ఆ ఆకు తిన్న పట్టుపురుగూ చస్తుంది. బెర్లేసే ఇక్కడా పురుగు స్వభావాన్నే నమ్ముకున్నాడు. 1906లో అమెరికా నుంచి ఒక చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించాడు. అది పొలుసు పురుగులో గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల ఆ పురుగునే తిని పెరుగుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు హోవార్డ్ ఆ కందిరీగకు బెర్లేసే పేరే పెట్టాడు.

1927లో ఆయన కన్నుమూశాడు. ఆయన సేకరించిన నల్లుల స్లైడులు ఫ్లోరెన్స్‌లో నేటికీ భద్రంగా ఉన్నాయి.

విద్యార్థి మిత్రులారా! ల్యాబులో ఆ గరాటు కింద సీసా పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆయన్ను తలుచుకోండి. పురుగును పట్టే ముందు దాని గుణం తెలుసుకోవాలని ఆయన జీవితం మనకు నేర్పుతుంది.