చలిజ్వరం దారి కనిపెట్టిన రాస్ దొర

డాక్టర్ రొనాల్డ్ రాస్ పేరు మన సంఘస్థులకు కొత్తది కాదు. మలేరియా దోమ వలన వచ్చునని కనుగొన్నవారని అందరమూ బడిలో చదువుకున్నాము. అయితే ఆ పని జరిగినది మన తెలుగు నేల మీదనే అనియు, దోమకూ నీటికీ గల సంబంధము ఆయన కంట బడినది ఆమడగూరు, హిందూపురం వారందరికీ దగ్గరి పట్టణమైన బెంగుళూరులో అనియు తెలిసినవారు తక్కువ. అందుచేత ఈ శతాబ్ది సంచికలో ఆయనను గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతములోని అల్మోరాలో పుట్టారు. తండ్రి సైన్యములో అధికారి. ఎనిమిదేండ్ల వయసున చదువుకై ఇంగ్లండు పంపారు. కుర్రవానికి మనసంతా కవిత్వము మీద, బొమ్మలు వేయుట మీద. వైద్యము చదువుట తండ్రి పట్టుదలే గాని ఆయన కోరిక కాదు. చదువు అంతంత మాత్రముగా ముగించి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

1883లో బెంగుళూరు దండులో ఉద్యోగము. ఉన్న బంగళాలో దోమల బాధ విపరీతము. కిటికీ క్రింద నీళ్ళ తొట్టిలో దోమపిల్లలు కదలాడుట చూచి దానిని బోర్లించగా దోమలు తగ్గినవి. ఇదే పని దండు భోజనశాల దగ్గర కూడా చేయుదమని అక్కడి అధికారితో చెప్పారు. ఆ అధికారి ఒప్పుకొనలేదు. దోమలను సృష్టించుటలో ఏదో ఉద్దేశము ఉండియుండును, వాటిని ఓర్చుకొనుటే మన పని అన్నాడట. ఇటువంటి మాట మన పల్లెల్లోనూ, మన గుడి వాకిట్లో కూడా వినబడుచునే యున్నది. బిడ్డకు జ్వరము వస్తే దేవుని చిత్తమని కూర్చుండుట భక్తి అని నాకు తోచదు. పేతురు అత్త జ్వరముతో పడియున్నప్పుడు ప్రభువు ఓర్చుకొమ్మని చెప్పి వెళ్ళిపోలేదు.

ఆ కాలమున మలేరియా చెడుగాలి వలన వచ్చునని వైద్యులు సహా నమ్మేవారు. ఆ పేరుకు అర్థమే చెడుగాలి. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో ఒక సూక్ష్మజీవిని చూచాడు. 1894లో సెలవు మీద లండను వెళ్ళిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుడు దానిని సూక్ష్మదర్శినిలో చూపి, దోమల మీద దృష్టి పెట్టమన్నారు. 1895లో రాస్ తిరిగివచ్చి సికిందరాబాదు చేరారు.

ఈ జబ్బు శరీరములో ఏమి చేయునో ఇక్కడ చెప్పుకొనవలెను. ఆడదోమ కుట్టినప్పుడు దాని ఉమ్మితో పాటు క్రిములు లోపలికి పోవును. గంట లోపునే కాలేయములో దాగి, వారము పైగా అక్కడ వేలకు వేలుగా పెరుగును. ఆ దినములలో మనిషికి ఏమీ తెలియదు. తరువాత ఎర్ర రక్తకణాలలో చొరబడి, లోపలి సారము తిని, వాటిని పగులగొట్టుకొని బయటపడును. ఆ పగిలిన చెత్తను చూచి మన తెల్ల రక్తకణాలు కేక పెట్టినట్లుగా కొన్ని రసాయనములను విడుచును. అవి మెదడుకు చేరి ఒంటి వేడిని పెంచును. వేడి పెంచుటకే కండరములు వణకును. అందుకే మొదట చలి, వెనుక జ్వరము, చివర చెమట. కణములు సామాన్యముగా నలుబది ఎనిమిది గంటలకొకసారి ఒక్కుమ్మడిగా పగులును. రోజు విడిచి రోజు జ్వరము వచ్చుటకు ఇదే కారణము.

కాబట్టి జ్వరము శత్రువు కాదు, శరీరము చేయు పోరాటపు గుర్తు. పాడైన కణములను వడగట్టు పని ప్లీహానిది. పని ఎక్కువై అది ఉబ్బును. కడుపులో బల్ల పెరిగినదని పెద్దలు అనేది దీనినే. రక్తము తరిగి మనిషి పాలిపోవును. ఫాల్సిపారం అను రకములో క్రిమి పట్టిన కణములు మెదడులోని సన్నని నాళములకు అంటుకొని ప్రాణము మీదికి తెచ్చును. వైవాక్స్ అను రకము కాలేయములో నిద్రపోయి నెలల తరువాత లేచును. మాత్రలు సగములో మానరాదని డాక్టర్లు గట్టిగా చెప్పునది ఇందుకే.

అమ్మవారు ఒకసారి పోస్తే మరల రాదు గదా, మలేరియా మరల మరల ఎందుకు వచ్చును? ఈ క్రిమి చొక్కా మార్చే దొంగ వంటిది. మన రక్షణ కణములు ఒక వేషము గుర్తుపట్టేలోగా మరొక వేషము వేయును. పలుమార్లు పడినవారికి కొంత తట్టుకొనే శక్తి వచ్చును గాని ఆ ప్రాంతము విడిచి కొంతకాలముంటే అదీ పోవును. దీనికి టీకా తయారగుటకు ఎంతో కాలము పట్టినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి టీకాను 2021లోను, పూనాలో తయారగు రెండవదానిని 2023లోను పిల్లల కొరకు సిఫారసు చేసినది.

రాస్‌కు ఇందులో చాలా సంగతులు తెలియవు. రెండేండ్లు దోమలను కోసి చూచిననూ ఏమీ దొరకలేదు. ఆయన కోసినవన్నీ మలేరియా మోయని జాతులు. నడుమ కలరా పనికి బెంగుళూరు పంపారు. 1897లో నీలగిరి వైపు వెళ్ళి తానే మలేరియాలో పడ్డారు. ఆ యేడు ఆగస్టులో సికిందరాబాదులో మచ్చల రెక్కల దోమలు కొన్ని చిక్కినవి. హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగి దోమకొక అణా చొప్పున పుచ్చుకొని వాటిచేత కుట్టించుకొన్నాడు. విపరీతమైన ఎండ. పంకా వేస్తే దోమలు ఎగిరిపోవును గనుక వేయరాదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి, కంటి దగ్గరి అద్దము పగిలియున్నది. ఆగస్టు 20న, దాదాపు చివరి దోమ పొట్ట గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనిపించినవి. మరునాడు ఇంకొక దోమను కోయగా అవి మరికొంత పెరిగియున్నవి. మనిషి రక్తములోని క్రిమి దోమలో బ్రతికి పెరుగుచున్నదని తేలినది.

ఇక నాలుగు దినములు పని సాగునేమో అనుకొనగా వచ్చే నెలలోనే రాజస్థానములోని ఖేర్వాడాకు బదిలీ. 1898లో కలకత్తా చేరి, పిచ్చుకల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ ఉమ్మి గ్రంథులలోనికి చేరుటను జూలైలో చూచారు. అక్కడ మహమ్మద్ బక్స్ అను సహాయకుడు దోమలు పట్టుటలో కుడిభుజముగా నిలిచాడు. మనుషుల మలేరియాకు ఇదే దారి అని అదే యేడు ఇటలీలో గ్రాస్సీ బృందము రుజువు చేసినది. ఘనత ఎవరిదని రాస్ గ్రాస్సీతో జీవితాంతము తగవులాడారు. అంతటివానికి అది శోభించలేదని నా అభిప్రాయము. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కే వచ్చినది.

1899లో ఉద్యోగము విడిచి లివర్‌పూలులో బోధించుచు, ఆఫ్రికా మొదలగు దేశములు తిరిగి, మందుల కంటె ముందు నిలవ నీరు తీసివేయుడని చెప్పుచు వచ్చారు. బెంగుళూరు తొట్టిని మరచినట్లు లేదు. భార్య రోసా 1931లో పోగా, మరుసటి యేడు సెప్టెంబరు 16న లండనులో ఆయనా కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి అధీనములో ఉన్నది. ఆగస్టు 20ని నేటికీ ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు.