జాఫ్నాలో కలిగిన భారము

మన సంఘాలలో కన్వెన్షన్ కూటాలకు కొదువ లేదు. ఆఖరి రాత్రి కన్నీళ్లతో తీర్మానాలు చేసికొనేవారికీ కొదువ లేదు. ఆ ప్రేరేపణ మరుసటి సోమవారానికి ఏమవుతున్నదో పాదిరులమైన మాకు బాగా తెలుసు. అందుచేత బిషప్ అజరయ్యగారిని ఈ శతవార్షిక సంచికలో జ్ఞాపకము చేసికొనునప్పుడు, వారి పదవిని గూర్చి కాక, 1902లో వారికి కలిగిన ప్రేరేపణను గూర్చి వ్రాయదలచాము.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో ఒక పాదిరిగారికి జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, పట్టా పుచ్చుకోకుండానే 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శి అయ్యారు. గౌరవమైన పని, ఊరూరా ప్రసంగాలు, షెర్వుడ్ ఎడ్డిగారి వంటి అమెరికా స్నేహితులు. పైకి చూస్తే ఏ లోటూ లేని జీవితమే.

1902లో సింహళ ద్వీపములోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు కొద్దిమందే. అయినను తమ కానుకలతో తామే మిషనెరీలను పంపుచున్నారు. తిరునెల్వేలి సంఘమో నూరేండ్లు దాటినది, జనములో ఎన్నో రెట్లు పెద్దది. బయటి ప్రాంతాలకు సువార్త మోసికొనిపోవుట మాత్రం దొరల పని అన్నట్లుండేది. ఈ పోలిక ఆయనను నిలువనీయలేదు. ఏడాది తిరిగేలోగా, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోటలో ఇండియన్ మిషనెరీ సొసైటీ ఏర్పడింది. మన డబ్బు, మన మనుష్యులు, మన నిర్వహణ అనేది దాని పద్ధతి. నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం దాని పొలమైనది.

అక్కడితో ఆగినా ఎవరూ తప్పుపట్టరు. ఇతరులను పంపి, తాను కార్యదర్శిగానే ఉండి ప్రసంగాలు చేయవచ్చును. (ప్రసంగించుట మా వంటివారికి సులభమే!) అజరయ్యగారు 1909లో ఆ ఉద్యోగము వదలి, అభిషేకము పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌గారితో తామే డోర్నకల్ చేరారు. మొదట కాపురం గుడారంలో. భాష తెలుగు, ఆయనకది క్రొత్త. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా ప్రతిష్ఠింపబడినప్పుడు ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. దానికి అడ్డుచెప్పినవారిలో దొరలే గాక మనవారూ ఉన్నారు.

బిషప్ అయిన తరువాత కూడ ఎడ్లబండిమీద, సైకిలుమీద మాల మాదిగ పల్లెలు తిరుగుట మానలేదు. సువార్తతోపాటు త్రాగుడు, అప్పు, అపరిశుభ్రత, రోగములను గూర్చియు బోధించారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కథీడ్రల్‌ను చూడవచ్చినవారు దాని స్తంభాలను, గుమ్మటాలను మెచ్చుకొంటారు, మెచ్చదగినవే. ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించి, ఆ ఆవరణలోనే సమాధి చేయబడ్డారు.

మాకు మాత్రము ఆ రాతి కట్టడముకంటె ఆయన పెట్టిన ఒక అలవాటు గొప్పదిగా తోచును. బాప్తిస్మము పొందిన ప్రతివారిచేత వారి చేతిని వారి తలమీదనే పెట్టించి, సువార్త చెప్పక ఊరకుండలేనని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మాటను తమ మాటగా పలికించేవారు. చదువు రాని కూలివారు సైతము అట్లు పలికి, తమ పల్లెకు వెళ్లి, పొలంలో నాట్లు వేస్తూ ప్రక్కవారికి యేసును గూర్చి చెప్పేవారు. 1941 నాటికి ఆ డయోసీస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. అట్లు తలమీద చెయ్యి పెట్టుకొన్నవారిలో మన తాతలు, నాయనమ్మలు ఎందరో ఉన్నారు.