సాగర రక్షకుడు ఎడ్డీ ఐకావు

ఉత్తరాంధ్ర తీరంలో మత్స్యకారులు వేట ముగించుకొని తిరిగి వచ్చేటప్పుడు అనువైన కెరటం కోసం నిరీక్షించి, దాని వేగంతోనే తెప్పను ఒడ్డుకు చేరుస్తారు. కెరటాన్ని ఎదిరించక దానితో కలిసి సాగే ఇటువంటి నేర్పును పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి ద్వీపవాసులు శతాబ్దాల క్రితమే ఒక క్రీడగా తీర్చిదిద్దారు. పొడవైన పలకపై నిలబడి కెరటపు వాలు వెంట జారిపోయే ఆ క్రీడయే సర్ఫింగ్. ఆ విద్యను ప్రాణరక్షణకు వినియోగించి చిరస్మరణీయుడైన వ్యక్తి ఎడ్డీ ఐకావు.

ఎడ్డీ 1946 మే 4న హవాయిలోని మావి ద్వీపంలో జన్మించారు. 1959లో ఆయన కుటుంబం ఓఆహు ద్వీపానికి తరలివచ్చింది. పదహారేళ్ళ ప్రాయంలో చదువు మాని, అనాసపండ్లను డబ్బాలలో నింపే కర్మాగారంలో పనికి కుదిరారు. ఆ జీతంతోనే తొలి సర్ఫింగ్ పలకను కొనుక్కున్నారు.

ఓఆహు ఉత్తర తీరంలో వైమేయా అనే చిన్న అఖాతం ఉంది. వేసవిలో అది కొలనువలె ప్రశాంతంగా ఉంటుంది. శీతకాలంలో ఉత్తర పసిఫిక్‌లో తుపానులు చెలరేగినప్పుడు పుట్టిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి అక్కడికి చేరుతాయి. తీరం చేరువలో లోతు ఒక్కసారిగా తగ్గడం వల్ల అవి నిట్టనిలువుగా లేచి, భీకరంగా విరిగిపడతాయి. 1967 నవంబరులో అటువంటి మహాతరంగాలపై స్వారీ చేసి, 21 ఏళ్ళ ఎడ్డీ అందరినీ ఆశ్చర్యచకితులను చేశారు.

మరుసటి ఏడాది హొనొలులు నగర పాలకులు ఆయనను ఆ తీరానికి తొలి లైఫ్‌గార్డుగా నియమించారు. మునిగిపోతున్నవారిని వెనుకకు లాగే ప్రవాహం ఎటు పోతుందో, రెండు కెరటాల వరుసల నడుమ ఎంత విరామం దొరుకుతుందో ఆయనకు కరతలామలకం. ఇతరులు అడుగుపెట్టడానికి జంకే వేళ పలకతో నీటిలోకి దూకేవారు. ఈ విధంగా 500 మందికి పైగా కాపాడారని ప్రతీతి. 1977లో డ్యూక్ కహనమోకు పేరిట జరిగే ప్రతిష్ఠాత్మకమైన సర్ఫింగ్ పోటీలో విజేతగా కూడా నిలిచారు.

హవాయివాసుల పూర్వికులు నక్షత్రాలను, అలల తీరును గమనిస్తూ మహాసముద్రాన్ని దాటేవారు. ఆ విద్యను పునరుద్ధరించే సంకల్పంతో 1975లో హోకులేఅ అనే జంట పడవను నిర్మించారు. 1978 మార్చి 16న అది తాహితీ ద్వీపానికి బయలుదేరింది. నావికులలో ఎడ్డీ ఒకరు. ఆ రాత్రి తుపాను గాలులకు పడవ బోల్తాపడింది. తెల్లవారేసరికి అందరూ తిరగబడిన పడవను పట్టుకొని చలికి వణికిపోతున్నారు. సహాయం తెస్తానని చెప్పి ఎడ్డీ తన పలకపై దూరాన ఉన్న లనాయ్ ద్వీపం వైపు సాగిపోయారు. ఆ సాయంకాలం ఒక విమాన చోదకుడు పడవను గుర్తించడంతో తక్కిన 15 మందీ రక్షింపబడ్డారు. ఎడ్డీ కోసం విస్తృతంగా గాలించినా ఫలితం దక్కలేదు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు.

ఎడ్డీ స్మృతిచిహ్నంగా వైమేయాలో సర్ఫింగ్ పోటీ నిర్వహిస్తున్నారు. కెరటాలు సుమారు 40 అడుగుల ఎత్తుకు లేస్తేనే అది జరుగుతుంది. అందువల్ల 2016 తరువాత మళ్ళీ 2023లోనే జరిగింది. ఆనాటి విజేత ల్యూక్ షెపర్డ్‌సన్ అదే తీరంలో లైఫ్‌గార్డు. విధుల నడుమ దొరికిన విరామంలో పోటీలో పాల్గొని గెలిచి, తిరిగి తన కాపలాకు వెళ్ళారు. ఎడ్డీ నెలకొల్పిన ఆదర్శం ఆ తీరంలో నేటికీ సజీవంగా ఉన్నదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.