వాట్ నాలుగు కమ్మీలు

జేమ్స్ వాట్ అనగానే పొయ్యి మీద కెటిలు, ఎగిరిపడే మూత గుర్తొస్తాయి. ఆ కథ అలా ఉంచుదాం. ముసలితనంలో ఆయన తను చేసిన వాటన్నిటిలోకీ ఎక్కువ గర్వంగా చెప్పుకున్నది ఒక చతుర్భుజం గురించి. 1808లో కొడుక్కి రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఉంది. మనం హైస్కూల్లో బట్టీపట్టి వదిలేసిన సమాంతర చతుర్భుజమే అది.

1736లో స్కాట్లండులోని గ్రీనక్ రేవులో పుట్టాడు. రోగిష్టి పిల్లవాడు, ఎప్పుడూ తలనొప్పి. చాలా చదువు ఇంట్లోనే, తల్లి దగ్గర. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేస్తూ ఉండగా న్యూకొమెన్ ఆవిరి యంత్రం నమూనా ఒకటి ఆయన చేతికి వచ్చింది. తర్వాతదంతా పాఠాల్లో ఉన్నదే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. యంత్రం పైన పెద్ద దూలం ఏతంలా ఊగుతుంది. దూలం కొస వంపు తిరుగుతుంది, పిస్టన్ కడ్డీ మాత్రం నిట్టనిలువుగా కదలాలి. పాత యంత్రంలో పిస్టన్ దూలాన్ని కిందికి లాగితే చాలు, గొలుసు సరిపోయేది. వాట్ కొత్త యంత్రంలో ఆవిరి పైకి కూడా నెడుతుంది. గొలుసుతో లాగగలం గాని నెట్టగలమా?

1784లో దారి దొరికింది. నాలుగు కమ్మీలు, మూలల్లో చీలలు, ఎదురెదురువి సమానం. అట్టముక్కలు, గుండుసూదులతో మీరే చేసి చూడండి. మూల నొక్కితే కోణాలు మారిపోతాయి, ఎదుటి భుజాలు మాత్రం సమాంతరంగానే ఉంటాయి. త్రిభుజం అలా కదలదు, బిగుసుకుపోతుంది. ఈ చట్రాన్ని దూలానికి తగిలించి, కదలని చోట బిగించిన ఇంకో కమ్మీతో పట్టి ఉంచాడు. దూలం ఒక పక్కకి వంపు తిరిగితే ఆ కమ్మీ రెండో పక్కకి తిరుగుతుంది. రెండు వంపులూ ఒకదాన్నొకటి సరిచేసుకుని, మధ్యలో ఒక బిందువు దాదాపు నిలువుగా నడుస్తుంది. ఆ నడకనే చతుర్భుజం పెద్దది చేసి పిస్టన్ కడ్డీకి అందిస్తుంది. దాదాపు అనే అన్నాను సుమా, అది అచ్చమైన సరళరేఖ కాదు. యంత్రానికి ఆ కాస్త తేడా లెక్కలోది కాదు.

1804లో చిన్నకొడుకు గ్రెగరీ ఇరవయ్యేడేళ్లకే క్షయతో పోయాడు. వాట్ అప్పటికే వ్యాపారం వదిలేశాడు. బర్మింగ్‌హామ్ దగ్గరి ఇంట్లో అటక గదికి ఎక్కి, శిల్పాలకి నకళ్లు చెక్కే యంత్రాలు రెండు చేస్తూ ఉండిపోయాడు. ఉన్నంత కొలతకి ఒకటి, చిన్న కొలతకి ఇంకొకటి. గ్రెగరీ చదువుకున్న పుస్తకాల పెట్టె కూడా ఆ గదిలోనే ఉంచుకున్నాడు. 1819లో, ఎనభైమూడో ఏట కన్నుమూశాడు. ఆ గదిలోని సామానంతా ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.