బత్తలపల్లి దారి చూపిన ఫాదర్

విన్సెంట్ ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూశారు. ఎనభై తొమ్మిదేళ్ల నిండు జీవితం. అయినా ఆఖరిచూపు కోసం పల్లెల నుంచి తరలివచ్చిన జనం ఇంటి పెద్దను పోగొట్టుకున్నట్టే ఏడ్చారు. ఆయన వల్ల కొందరికి ఇల్లు దక్కింది, కొందరికి చదువు దక్కింది. బిడ్డ ప్రాణమే దక్కినవాళ్లూ ఆ వరుసల్లో ఉన్నారు. ఈ నివాళి వాళ్లను తలచుకుని రాస్తున్నది.

మెట్టసీమలో కూలి చేసుకునే ఇంట బిడ్డకు జ్వరమొస్తే, డాక్టరు గడప తొక్కకముందే ఖర్చు మొదలవుతుంది. తల్లికి ఆ రోజు కూలి పోతుంది. తండ్రి తోడు వస్తే ఆయనదీ పోతుంది. బస్సు చార్జీలు, పట్నంలో రెండు పూటల తిండి, ఇంటి దగ్గర మిగతా పిల్లలకు ఇంత వండిపెట్టే మనిషి, ఇవన్నీ చూసుకున్నాకే ఫీజు, రక్తపరీక్ష, మందుల చీటీ. అందుకే మొదటి రోజు తాయెత్తు కడతారు. రెండో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సూది వేయిస్తారు. నాలుగో రోజు బిడ్డ కళ్లు తేలేస్తే అప్పుడు కమ్మలు కుదువ పెట్టడానికి పరుగెత్తుతారు. చదువుకున్నవాళ్లు దీన్ని మూఢనమ్మకం అని తేలిగ్గా అనేస్తారు. నేనొప్పుకోను. తాయెత్తు కట్టిన తల్లికి ఆసుపత్రి మీద నమ్మకం లేక కాదు, అక్కడికి చేరే దారి లేక. అప్పు చేయకుండానే బిడ్డ కోలుకుంటే బాగుండునని ఆమె ఇంకో రాత్రి ఓర్చుకుంటుంది. ఆ ఒక్క రాత్రిలోనే ప్రాణాలు పోయేవి.

ఫెర్రర్ డాక్టరు కాదు. బార్సిలోనాలో 1920 ఏప్రిల్ 9న పుట్టి, కుర్రతనంలోనే స్పెయిన్ అంతర్యుద్ధంలో తుపాకీ పట్టి, ఓడిన పక్షాన నిలిచిన మనిషి. 1944లో జెస్యూట్ సంఘంలో చేరారు. 1952లో మిషనరీగా బొంబాయిలో దిగారు. మహారాష్ట్రలోని మన్మాడ్ చుట్టుపక్కల బీద రైతులకు సాయంచేసి బావులు తవ్వించడంతో, అక్కడి పలుకుబడి గలవాళ్లకు కంటగింపయ్యారు. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. ఆయన కోసం వేలమంది రైతులు రోడ్డెక్కారు. ఇందిరాగాంధీ చొరవతో 1969లో మళ్లీ మన దేశానికి రాగలిగారు. ఈసారి అడుగుపెట్టింది అనంతపురంలో. మరుసటేడు జెస్యూట్ సంఘాన్ని వదిలి, ఇంగ్లండుకు చెందిన విలేకరి అన్నే పెర్రీని పెళ్లాడారు. సంఘం వదిలినా జనం నోట కడదాకా ఫాదరే.

మతం మార్చడానికి వచ్చాడన్న అనుమానం మొదట్లో గట్టిగానే ఉండేది. దానికి ఆయన మాటలతో జవాబు చెప్పే పని పెట్టుకోలేదు. ఆయన నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) మనిషి ఇంటికొస్తే బిడ్డకు టీకా వేయించారా, బడికి పోతున్నదా అని అడిగేవాడు గాని ఏ దేవుణ్ణి కొలుస్తారని అడిగేవాడు కాదు. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లలో దేవుళ్ల పటాల సరసన ఫాదర్ ఫోటో ఉంటుంది.

నా దృష్టిలో ఆయనా, అన్నే ఫెర్రరూ చేసిన అసలైన పని, వైద్యాన్ని ఊళ్లోంచే మొదలుపెట్టడం. చదువు అంతంతమాత్రమైన ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా నిలిపారు. ఆ అక్క వేరే ఊరి నుంచి వచ్చేది కాదు. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ బిడ్డ పాలు తాగడం మానేసిందో ఆమెకు ముందే తెలుసు. పసిబిడ్డను తూకంలో వేసి, కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందని తల్లితో చెప్పేది. పరిస్థితి తన చేయి దాటిందనిపిస్తే ఆసుపత్రికి పొమ్మనేది. చదువుకున్న డాక్టరు చెబితే తలూపి ఊరుకునే తల్లి, పక్కింటి అక్క చెబితే కదిలేది.

పొమ్మంటే ఎక్కడికి పోవాలి? అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డులో బత్తలపల్లి దగ్గర 2000లో పెద్దాసుపత్రి తెరిచారు. కళ్యాణదుర్గం, కణేకల్లుల్లోనూ ఆసుపత్రులు నడిపారు. పేదవాడు ఇచ్చుకోగలిగినంతే తీసుకోవడం వాటి పద్ధతి. ఎయిడ్స్ పేరెత్తితే సొంత ఇంటివాళ్లే గడప తొక్కనివ్వని రోజుల్లో బత్తలపల్లిలో ఆ రోగులకు, వాళ్ల పిల్లలకు మంచం వేసి మందిచ్చారు. పోలియోతో కాళ్లు చచ్చుబడ్డ పిల్లల్నీ, చెవుడు, మూగతనం ఉన్న పిల్లల్నీ ఇంటి మూల నుంచి బయటికి తెచ్చారు. కాళ్లకు పట్టీలు చేయించి నిలబెట్టారు, బడులు పెట్టి చదివించారు. వాళ్లు ఆ మూలల్లో ఉన్నారని చాలా ఊళ్లలో బంధువులకే సరిగ్గా తెలిసేది కాదు.

డబ్బు ఎక్కువగా స్పెయిన్ నుంచి వచ్చేది. అక్కడి ఒక్కో కుటుంబం ఇక్కడి ఒక్కో బిడ్డను దత్తు తీసుకున్నట్టుగా నెలనెలా కొంత పంపేది. మన పిల్లలు ఫోటో దిగి, బొమ్మలు వేసి ఉత్తరాలు పంపేవాళ్లు. ఆ సొమ్మును ఒక్క బిడ్డ చేతిలో పెట్టకుండా ఊరందరి బడికీ, వైద్యానికీ, ఇళ్లకూ ఖర్చుపెట్టడం నాకు ఎంతో నచ్చిన పద్ధతి. లేకుంటే ఒకే వీధిలో ఒక బిడ్డకు మందు దొరికి, ఇంకో బిడ్డకు దొరకని పరిస్థితి వచ్చేది. 1998లో స్పెయిన్ ఆయనకు ప్రిన్స్ ఆఫ్ ఆస్తూరియస్ పురస్కారం ఇచ్చింది.

ఫాదర్ బతికుండగానే, 2007లో ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ తొలి విడత మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. గుండెకు రంధ్రం ఉన్న బిడ్డకు ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకునే తల్లిదండ్రులకు అది పెద్ద ఊరట. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు కూలి నష్టాన్ని కొంతైనా పూడ్చాలన్న ఆలోచన మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో గాని ఆరోగ్య ఆసరా పేరుతో పథకం కాలేదు. మందు ఖర్చుతో పాటు కూలి పోవడం కూడా జబ్బులో భాగమేనని ఊరూరా తిరిగి తెలుసుకున్న ఆ మనిషి అప్పటికి లేరు.

ఆయన్ను బత్తలపల్లిలోనే ఖననం చేశారు. 2020లో కరోనా ముంచుకొచ్చినప్పుడు అక్కడి ఆర్డీటీ ఆసుపత్రి కోవిడ్ ఆసుపత్రిగా మారింది. జబ్బు పేదా గొప్పా చూడలేదు. కలిగినవాళ్లు కూడా, కూలివాళ్ల బిడ్డల కోసం కట్టిన ఆ వార్డుల్లోనే ఊపిరి కోసం పడుకున్నారు.