తాబేళ్ల దీవులలో డార్విన్

ఈక్వడార్ దేశపు తీరానికి పడమట, సుమారు వేయి కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రం నడుమ గాలపాగోస్ అనే దీవుల గుంపు ఉన్నది. సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి ఏర్పడిన దీవులవి. స్పానిష్ భాషలో గాలపాగో అంటే తాబేలు. నేడు వాటిని చూడదలచిన యాత్రికులు చిన్న ఓడలలో దీవి నుండి దీవికి తిరుగుతారు. అనుమతి పొందిన మార్గదర్శి తోడు లేనిదే జాతీయవనంలో చాలచోట్ల కాలు మోపరాదు. ఏ పక్షి ఏ దీవిదో, ఏ తాబేలు ఏ కొండదో ఆ మార్గదర్శి అడుగడుగునా విప్పి చెప్పుతాడు. 1835లో అక్కడికి వెళ్లిన ఇరువదియారేండ్ల ఆంగ్ల యువకునికి అట్టి సదుపాయం లేదు. చెప్పినవాడు ఒక్కడు మాత్రం ఉన్నాడు; ఆ మాటను యువకుడు సమయానికి చెవిన పెట్టలేదు. ఆ యువకుడే చార్లెస్ డార్విన్.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూజ్‌బరీ పట్టణంలో జన్మించినాడు. తండ్రి పేరుమోసిన వైద్యుడు. ఎనిమిదేండ్ల ప్రాయంలోనే తల్లి గతించినది. తన వృత్తిలోనే కొడుకు నిలువవలెనని తండ్రి ఎడింబరో పంపినాడు. మత్తుమందు ఎరుగని ఆ రోజులలో రోగిని కట్టిపట్టి కోయడం చూడలేక ఆ పిల్లవాడు శస్త్రచికిత్స గది నుండి పారిపోయినాడు. ఎడింబరోలో అతడు నేర్చిన అసలు విద్య మరొకటి. జాన్ ఎడ్మన్‌స్టన్ అనే నల్లజాతివాడు, ఒకనాడు బానిసగా ఉండి విముక్తి పొందినవాడు, పక్షి చర్మాన్ని ఒలిచి చెడకుండా నిలుపు పద్ధతిని అతనికి నేర్పినాడు. తరువాత మతాచార్యుని చదువుకై కేంబ్రిడ్జి చేరినాడు గాని, అక్కడ కూడ మనసంతా పురుగుల మీదనే. రెండు చేతులలో రెండు పురుగులుండగా మూడవది కంటబడినదట; చేతిలోని ఒకదానిని నోట పెట్టుకొన్నాడు. అది కక్కిన ఘాటురసానికి నాలుక మండి, చివరకు ఉన్నవి కూడ పోయినవి!

1831లో, అతని గురువైన హెన్స్‌లో చొరవ వలన, బీగిల్ అనే నౌకలో కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌కి తోడుగా వెళ్లు అవకాశం లభించినది. దక్షిణ అమెరికా తీరాలను కొలిచి పటాలు గీయడం ఆ నౌక పని. తండ్రి వలదన్నాడు; మేనమామ వెడ్జ్‌వుడ్ నచ్చచెప్పి ఒప్పించినాడు. డార్విన్ ముక్కు తీరు చూచి, ఇట్టివానికి పట్టుదల ఉండదేమోనని ఫిట్జ్‌రాయ్ మొదట శంకించినాడట. ఆ సంవత్సరం డిసెంబరు 27న నౌక బయలుదేరినది. కడుపులో త్రిప్పు అతనిని ప్రయాణం పొడుగునా వదలలేదు. అయినను దొరికిన రాయినెల్ల, ప్రాణినెల్ల సేకరించి దేశానికి పంపుతూనే ఉన్నాడు.

1835 సెప్టెంబరు 17న చాథం దీవిలో దిగినాడు. నల్లని లావా, పొయ్యి మీది పెనంవలె కాలే నేల, ఆకులు రాలిన పొదలు. దక్షిణ అమెరికా అడవుల అందం చూచివచ్చిన కన్నులకు ఆ దీవులు ఏమాత్రం నచ్చలేదు. కాని అక్కడి ప్రాణులకు మనుష్యుని భయం తెలియదు. ఒక డేగను తుపాకి గొట్టంతో కొమ్మపై నుండి నెట్టవలసివచ్చినది. తాబేటి చిప్పతో చేసిన నీళ్ల పాత్ర అతడు చేత పట్టుకొని ఉండగానే ఒక పక్షి అంచున వాలి నీరు త్రాగినది. సముద్రపు ఉడుము వంటి ఇగ్వానాలను పట్టి మడుగులోకి విసిరితే, అవి ఈదగలిగి ఉండి కూడ మరల అతడున్న ఒడ్డుకే వచ్చినవి. జేమ్స్ దీవిలో నేల ఇగ్వానాల బొరియలు ఎంత దట్టమనగా డేరా వేయడానికి చోటు వెదకుకొనవలసి వచ్చినది. పెద్ద తాబేళ్లపై ఎక్కి, చిప్పపై తట్టి నడిపించబోయి నిలదొక్కుకొనలేక అవస్థపడినాడు.

చార్లెస్ దీవిలో ఈక్వడార్ ప్రభుత్వం దేశబహిష్కృతులను ఉంచిన చిన్న వలస ఉండేది. దాని ఉపపాలకుడు నికొలస్ లాసన్. ఒక్కొక్క దీవి తాబేలు ఒక్కొక్క తీరుగా ఉండునని, తాబేటిని చూపితే అది ఏ దీవిదో తాను చెప్పగలనని అతడు మాటలలో అన్నాడు. డార్విన్ విన్నాడు, ఊరకున్నాడు. ఒకదానికొకటి కనుచూపు మేరలో, ఒకే రాతితో, ఒకే వాతావరణంలో ఉన్న దీవులలో వేరువేరు ప్రాణులుండుననే ఊహ అతనికి తట్టలేదు. అప్పటికే రెండు దీవులలో సేకరించినవి కొంతవరకు కలగలిపివేసినాడు. బీగిల్ నౌకలోకి ఆహారానికై ఎక్కించిన ముప్పది తాబేళ్లను దారిలో వండుకొని తిని, చిప్పలను సముద్రంలో పారవేసినారు. లాసన్ మాటకు సాక్ష్యం కాగల వస్తువులు అట్లు పోయినవి.

నల్లకుంటలో మా ఇంటికి వచ్చు విద్యార్థులు కొందరు ఆకులను కాగితాలకు అతికించి తెస్తారు. లాటిన్ పేరు ముత్యాల వంటి అక్షరాలతో ఉంటుంది. ఎక్కడ కోసినావు నాయనా అంటే తల గోక్కుంటారు. వారిని నేను గట్టిగా మందలించలేను. డార్విన్ అంతటివాడు చేసిన పొరపాటే కదా.

ఒక్క మాకింగ్ పక్షి విషయంలో మాత్రం అతడు మేలుకొన్నాడు. చార్లెస్ దీవిలోని పక్షి చాథం దీవి పక్షివలె లేదని గమనించి, అటుపై ప్రతిదానికి దీవి పేరు వ్రాసిపెట్టినాడు. అక్టోబరు 20న దీవులను విడిచినారు. 1836లో తిరుగు ప్రయాణంలో చిట్టాలు సవరించుకొంటూ, తాబేళ్లను గూర్చి, ఈ పక్షులను గూర్చి విన్నది నిజమైతే జీవజాతులు మార్పులేనివన్న నమ్మకం నిలువదని వ్రాసుకొన్నాడు.

ఫించ్ అనే చిన్న పక్షుల ముక్కులు చూడగానే దీవిలోనే ఆయనకు జ్ఞానోదయమైనదని పాఠాలలో తరచు వింటాము. అది నిజం కాదు. 1837 జనవరిలో, లండనులో, జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు పరిశీలించి చెప్పేవరకు అవన్నియు ఒకే కుదురుకు చెందిన వేరువేరు జాతులని డార్విన్‌కు తెలియదు. మార్చిలో మాకింగ్ పక్షులు మూడు జాతులని గూల్డ్ నిర్ధారించినాడు. ఇక ఏ ఫించ్ ఏ దీవిది? డార్విన్ చీటీలలో చాలవరకు జవాబు లేదు. ఫిట్జ్‌రాయ్, నౌకలోని ఫుల్లర్, డార్విన్ సొంత సేవకుడు కవింగ్టన్ తెచ్చిన పక్షులకు దీవుల పేర్లున్నవి. యజమాని మరచినదానిని సేవకుడు వ్రాసిపెట్టినాడు! డార్విన్ వారి వద్దకు పోయి అడిగి తెలుసుకొన్నాడు. తన పొరపాటును తన యాత్రాగ్రంథంలో దాచక అచ్చువేసినాడు. ఆయన గొప్పతనంలో ఈ భాగం నాకు ముక్కుల కథ కంటె మిన్నగా తోస్తుంది.

1837 జులైలో జాతుల మార్పుపై తొలి నోటుపుస్తకం తెరిచినాడు. 1839లో ఎమ్మాను వివాహమాడినాడు. 1842లో డౌన్ గ్రామంలో స్థిరపడినాడు. తన సిద్ధాంతాన్ని 1844లోనే విపులంగా వ్రాసి, తాను మరణిస్తే ప్రకటించవలెనని భార్యకు అప్పగించి, మరి పదునైదు సంవత్సరాలు సాక్ష్యం కూడబెట్టినాడు. పదేండ్ల కూతురు ఆనీ 1851లో కన్నుమూసినది. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం వదలలేదు.

ఆ సాక్ష్యంలో మన వంతు కూడ కొంత ఉన్నది. ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉండి, అమరావతి శిల్పాలను త్రవ్వించిన వాల్టర్ ఇలియట్ పేరు తెలుగువారికి క్రొత్త కాదు. ఆయన మద్రాసు గవర్నరు కౌన్సిలులో ఉండగా, 1856 జనవరిలో డార్విన్ ఆయనకు లేఖ వ్రాసి పెంపుడు పావురాల, కోళ్ల చర్మాలను కోరినాడు. ఇలియట్ పంపినాడు. డార్విన్ తన మహాగ్రంథంలో ఆయన పేరు చెప్పి కృతజ్ఞత తెలిపినాడు. ఆ గ్రంథం 1859 నవంబరు 24న వెలువడినది. అదే సంవత్సరం మద్రాసులో ఇలియట్ 'ఫ్లోరా ఆంధ్రికా' ప్రకటించినాడు. మన సర్కారు జిల్లాల మొక్కలకు తెలుగు పేర్ల పట్టిక అది. తెలుగు చెప్పుకొని బ్రతికే నావంటివానికి ఆ రెండు పుస్తకాలను ఒక అరలో చూడవలెనని కోరిక.

అంతకు ముందటి ఏడు, అగ్నిపర్వత దీవియైన టెర్నేటు నుండి వాలెస్ పంపిన వ్యాసం వచ్చినది. తన సిద్ధాంతమే అందులో ఉన్నది. 1858 జులై 1న లినియన్ సభలో ఇద్దరి రచనలను కలిపి చదివినారు. డార్విన్ ఆ సభలో లేడు. ఆనాడు తన పసికందును ఖననం చేస్తున్నాడు.

చార్లెస్ దీవి తాబేళ్లు డార్విన్ చూచి వచ్చిన కొద్ది సంవత్సరాలకే నశించినవి. 1959లో దీవులను జాతీయవనంగా ప్రకటించినారు. పింటా దీవి తాబేళ్లలో కడపటిది, లోకం ఒంటరి జార్జి అని పిలిచినది, 2012 జూన్‌లో మరణించినది.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న డౌన్‌లో కన్నుమూసినాడు. అందుకు పదమూడు రోజుల ముందు 'నేచర్' పత్రికలో ఆయన చిన్న వ్యాసం ఒకటి అచ్చయినది. కాలికి చిన్న ఆల్చిప్ప పట్టుకొని ఉన్న ఒక నీటిపురుగును గూర్చి అది. మడుగు నుండి మడుగుకు ప్రాణులెట్లు చేరునో దానివలన తెలియవచ్చును. పట్టినది నార్థాంప్టన్ నివాసి క్రిక్ అని, పట్టిన దినం ఫిబ్రవరి 18 అని డార్విన్ అందులో వ్రాసినాడు.